మీ ఊరి చెరువును ఉపగ్రహం నుంచి గమనించడం ఎలా? కొల్లేరును ముందు పెట్టుకుని నేర్చుకుందాం

మీ ఊరి చెరువును ప్రతి ఐదు రోజులకోసారి పైనుంచి ఫొటో తీస్తున్నారు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు ఉదయం పదిన్నర ప్రాంతంలో, 786 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆ పని చేస్తున్నాయి. వాటిలో మొదటిది 2015 జూన్‌లో వెళ్లింది, రెండోది 2017 మార్చిలో. అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఉపగ్రహాలైతే 1972 నుంచీ భూమిని ఫొటోలు తీస్తూనే ఉన్నాయి. 2008 నుంచి ఆ పాత ఫొటోలన్నీ ఉచితం. సెంటినెల్ ఫొటోలూ ఉచితమే. వీటిని చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక కంప్యూటరు, మామూలు ఇంటర్నెట్, కాస్త ఓపిక ఉంటే చాలు.

చెరువు తగ్గిపోయింది, పూడిపోయింది, గుర్రపు డెక్క కమ్మేసింది, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, ఎవరో మట్టి పోస్తున్నారు అని రచ్చబండ దగ్గర మాట్లాడుకుంటాం. ఆ మాటల్లో ఏది ఎంతవరకు నిజమో తేదీతో సహా తేల్చుకునే దారి ఇది. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పని సైంటిస్టులకే పరిమితం కాకూడదని నా గట్టి నమ్మకం. చెరువు పక్కన బతికేవాడు ఫొటోలో చూడగలిగింది, ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడు చూడలేడు.

ఉదాహరణగా కొల్లేరును తీసుకుంటున్నాను. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీరు అందులోకి చేరుతుంది, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలోకి పోతుంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఉపగ్రహ ఫొటోలు చదివేటప్పుడు ఎన్ని పొరపాట్లు జరగొచ్చో అన్నీ కొల్లేరులోనే ఎదురవుతాయి. ఇక్కడ చేయి తిరిగితే మీ ఊరి చెరువు చాలా తేలిక.

ముందు ప్రశ్న రాసుకోండి

కంప్యూటరు తెరవకముందే ఒక కాగితం మీద మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. "మా చెరువు ఎలా ఉంది?" అన్నది ప్రశ్న కాదు. "గత ఎనిమిదేళ్లలో అక్టోబరు చివరికి మా చెరువులో నీరు ఎన్ని ఎకరాల్లో నిలుస్తోంది?" అన్నది ప్రశ్న. "ఉత్తరం వైపు తూము దగ్గర కొత్తగా గట్టు ఎప్పుడు వేశారు?" అన్నదీ మంచి ప్రశ్నే. మొదటిదానికి నీటి లెక్క కావాలి, నెల ముఖ్యం. రెండోదానికి లెక్క అక్కర్లేదు. ఫొటోలు వరసగా పెట్టి ఏ తేదీన గట్టు లేదో, ఏ తేదీన కనిపించిందో చూస్తే సరిపోతుంది. ప్రశ్న తేలకపోతే రాత్రంతా ఫొటోలు తిప్పుతూ కూర్చుంటారు, తెల్లారేసరికి చేతికి ఏమీ రాదు.

చెరువు హద్దు గీసుకోండి

గూగుల్ ఎర్త్ ప్రో ఉచితంగా దొరుకుతుంది. అందులో మీ చెరువును వెతికి, కట్ట వెంబడి, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు) వరకు పాలిగాన్, అంటే చుట్టూ మూసిన గీత, గీసి కేఎంఎల్ ఫైలుగా దాచుకోండి. ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా ఉందో తెలియకపోతే ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. అలుగు పారిన ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లకు గుర్తుంటుంది, ఏ చెట్టు మొదలు దాకా వచ్చాయో కూడా చెబుతారు. ఇక మీదట ప్రతి ఫొటోనూ ఈ ఒక్క హద్దులోపలే కొలవాలి. ఏడాదికో హద్దు గీస్తే, మారింది చెరువా మీ గీతా అన్నది తేలదు.

అదే గూగుల్ ఎర్త్ ప్రోలో గడియారం బొమ్మ నొక్కితే పాత ఫొటోలు వస్తాయి. ఇళ్లు, గట్లు, చెట్లు కూడా కనిపించేంత స్పష్టంగా ఉంటాయి. కానీ వాళ్లు పెట్టిన తేదీలే దొరుకుతాయి. ఒక ఏడాది మార్చి, ఇంకో ఏడాది నవంబరు, మధ్యలో మూడేళ్లు ఖాళీ. గట్టు ఎప్పుడు వచ్చిందో వెతకడానికి బాగా పనికొస్తుంది. నీటి లెక్కకు మాత్రం వాడకండి.

కోపర్నికస్ బ్రౌజర్ తెరవండి

సెంటినెల్ ఫొటోలు చూడటానికి ఇంతకన్నా సులువైన చోటు నాకు తెలియదు. కోపర్నికస్ బ్రౌజర్ అని వెతికితే మొదట్లోనే వస్తుంది. ఉచిత ఖాతా ఒకటి తెరుచుకోండి. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. మ్యాప్‌ను జరుపుకుంటూ మీ చెరువు దగ్గరికి వెళ్లండి. కుడివైపు ఉన్న బటన్లలో ఒకదాని ద్వారా మీ కేఎంఎల్ ఫైలు ఎక్కించొచ్చు. ఎడమవైపు సెంటినెల్-2 ఎంచుకోండి. అందులో ఎల్1సీ, ఎల్2ఏ అని రెండు రకాలుంటాయి. ఎల్2ఏ తీసుకోండి. గాలిలోని మసక, తేమ ప్రభావాన్ని లెక్కగట్టి తీసేసిన రకం అది. మేఘాల శాతం 10 లోపు పెట్టి క్యాలెండర్ తెరిస్తే, ఫొటో ఉన్న తేదీలు గుర్తు పెట్టి కనిపిస్తాయి.

మేఘాల శాతం గురించి ఒక మాట. ఆ అంకె మీ చెరువుది కాదు, వంద కిలోమీటర్లకు పైగా వెడల్పున్న మొత్తం ఫొటోది. 40 శాతం మేఘాలున్న రోజున కూడా మీ చెరువు మీద ఆకాశం తేటగా ఉండొచ్చు. 5 శాతమే ఉన్న రోజున ఆ ఐదు శాతం సరిగ్గా మీ చెరువు మీదే ఉండొచ్చు. కాబట్టి ఫొటో దొరకలేదని నిరాశ పడకముందు శాతాన్ని 50 దాకా పెంచి చూడండి.

ఇప్పుడు రంగులు మార్చండి. "ట్రూ కలర్" అంటే కంటికి కనిపించే రంగులు. చూడ్డానికి బాగుంటుంది కానీ నీటికీ తడి మట్టికీ తేడా తెలియదు. "ఫాల్స్ కలర్" నొక్కండి. చెట్లు, పంటలు ఎర్రగా మారిపోతాయి, నీరు నల్లగా, ముదురు నీలంగా నిలుస్తుంది. కంగారు పడకండి. పచ్చని ఆకు, కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చాలా గట్టిగా తిప్పికొడుతుంది. ఆ కాంతికి ఇక్కడ ఎరుపు రంగు వేశారు, అంతే. నీరు ఆ కాంతిని మింగేస్తుంది, అందుకే నల్లగా ఉంటుంది. ఈ రంగులకు కన్ను అలవాటు పడటానికి ఒక సాయంత్రం పడుతుంది. మీకు బాగా తెలిసిన చోట్ల మీద చూడండి. మీ పొలం, బడి మైదానం, మామిడి తోట, ఊరి బయట రాళ్లగుట్ట. ఏది ఏ రంగులో ఉందో తెలిశాకే చెరువు జోలికి వెళ్లండి.

కొల్లేరును ఫాల్స్ కలర్‌లో చూస్తే మొదట కనిపించేవి చేపల చెరువులే. నల్లటి పలకలు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు, మధ్యలో సన్నటి తెల్లని గీతలు. ఆ గీతలే గట్లు. అసలు సరస్సుకు ఎక్కడా తిన్నని అంచు ఉండదు. ఈ ఒక్క గుర్తును కంట్లో పెట్టుకోండి: ప్రకృతి సరళరేఖ గీయదు. చెరువు శిఖంలో ఎక్కడైనా కొత్తగా తిన్నని గీత కనిపించిందంటే అక్కడ మనిషి పని చేసినట్టే.

నీటిని లెక్కకట్టడం

కంటితో చూసింది మనసుకు, లెక్క చెప్పింది కాగితానికి. నీటి లెక్కకు వాడేది ఎన్‌డీడబ్ల్యూఐ అనే సూచిక. ఆకుపచ్చ కాంతి విలువలోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ విలువ తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. జవాబు మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా వస్తుంది. సున్నా కన్నా ఎక్కువ వస్తే నీరు, తక్కువ వస్తే నేల అని మొదటి అంచనా. బ్రౌజర్‌లో ఆ పేరు నొక్కితే లెక్క అదే చేసి రంగులు వేస్తుంది. సున్నా అన్నది శాసనం కాదు. బురద నీళ్లకు విలువ తగ్గుతుంది. మీ చెరువుకు ఏ అంకె దగ్గర గీత గీయాలో మీరే చూసి తేల్చుకోవాలి. తేల్చుకున్నాక మాత్రం అన్ని ఏళ్లకూ అదే వాడాలి.

చుట్టూ ఇళ్లున్న చెరువైతే, అంటే హైదరాబాద్ చెరువుల్లాంటివైతే, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బదులు షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ పెట్టి చేసే ఎంఎన్‌డీడబ్ల్యూఐ మంచిది. డాబాలు, నీడలు నీరుగా పొరబడటం తగ్గుతుంది. కాకపోతే ఆ కాంతిలో ఫొటో 20 మీటర్ల పిక్సెల్‌తో వస్తుంది, పది కాదు.

పిక్సెల్ అంటే ఫొటోలోని ఒక గడి. సెంటినెల్-2లో మామూలు రంగుల గడి 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 121 చదరపు గజాలు, అంటే దాదాపు 101 చదరపు మీటర్లు. ఇది నాకు తట్టిన రోజు చాలా సంతోషమేసింది. ఒక పిక్సెల్ అంటే ఒక గుంట! 40 పిక్సెళ్లు ఒక ఎకరం. సెంట్లలో లెక్కపెట్టే కోస్తా వాళ్లకైతే ఒక పిక్సెల్ రెండున్నర సెంట్లు. ఉపగ్రహం మన లెక్కలోనే కొలుస్తోంది. మీ చెరువులో 6,480 నీటి పిక్సెళ్లు వచ్చాయనుకోండి. నలభైతో భాగిస్తే 162 ఎకరాలు. కచ్చితంగా లెక్కగడితే 160. నోటిలెక్కకు ఇంతకన్నా ఏం కావాలి?

అయితే అంచు దగ్గర జాగ్రత్త. అంచు మీద పడిన పిక్సెల్‌లో సగం నీరు, సగం నేల ఉంటాయి. అది ఒక ఫొటోలో నీటి వైపు, ఇంకో ఫొటోలో నేల వైపు పడుతుంది. 20 ఎకరాల చెరువు చతురస్రంగా ఉందనుకుంటే మొత్తం 810 పిక్సెళ్లు, అందులో అంచు మీదే 114 దాకా ఉంటాయి. మొత్తంలో పద్నాలుగు శాతం. నిజం చెరువు వంకరటింకరగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే. లాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లది, దాంట్లో ఇదే చెరువు 90 పిక్సెళ్లే, అందులో నలభైకి దగ్గరగా అంచు మీదే. అందుకని చిన్న చెరువు ఐదు శాతం తగ్గిందని ఎవరితోనూ అనకండి. ఆ తేడా అంచులోనే కలిసిపోతుంది. ముప్పై శాతం తగ్గితే ధైర్యంగా చెప్పొచ్చు.

పిక్సెళ్లు లెక్కపెట్టడానికి క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫొటో డౌన్‌లోడ్ చేసి, సూచిక కట్టి, మీ హద్దులోపల ఎన్ని పిక్సెళ్లు మీరు తేల్చుకున్న అంకె దాటాయో అందులో లెక్క చూసుకోవచ్చు. ఇక్కడొక చిక్కు ఉంది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ఫైళ్లలో అంకెలు రాసే పద్ధతి మార్చారు. ప్రతి విలువకూ వెయ్యి కలిపి రాస్తున్నారు. డౌన్‌లోడ్ చేసిన ఫైలుతో లెక్క కట్టేవాళ్లు ఆ తేదీ తర్వాత తయారైన ఫైళ్లలో (పాత ఫొటోలకు మళ్లీ తయారుచేసిన ఫైళ్లతో సహా) ముందు వెయ్యి తీసేయాలి. ఒక ఫైలులో తీసి ఇంకోదానిలో తీయకపోతే ఆ రెండు తేదీల మధ్య మీ చెరువులో ఏదో జరిగిపోయినట్టు సూచిక చూపిస్తుంది. బ్రౌజర్‌లోనే చూసేవాళ్లకు ఈ టెన్షన్ లేదు.

ఏ నెలను ఏ నెలతో పోల్చాలి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. వాట్సాప్‌లో తిరిగే "అప్పుడు, ఇప్పుడు" ఫొటోలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. నవంబరు ఫొటో పక్కన మే ఫొటో పెడితే ఏ చెరువైనా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. మన చెరువులు పుట్టిందే అలా. వానాకాలంలో నిండి, ఎండాకాలానికి అడుగంటుతాయి. అది రోగం కాదు.

కాబట్టి నెలకు నెల, వీలైతే వారానికి వారం. తెలంగాణ, రాయలసీమ చెరువులకు అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు నేను ఎంచుకుంటాను. నైరుతి వెళ్లిపోయి ఉంటుంది, ఆకాశం తేటపడుతుంది, చెరువులో ఆ ఏడాది నిలిచిన నీరు ఇంకా తూముల్లోంచి పొలాలకు పూర్తిగా దిగి ఉండదు. కోస్తాలో ఆ రోజుల్లో తుపాన్లు వస్తుంటాయి, అందుకని కొల్లేరుకు డిసెంబరు మధ్య నుంచి జనవరి చివరి వరకు మంచిది. రెండో కొలత ఏప్రిల్ చివర్లో తీసుకోండి. ఎంత నిండింది, ఎంత మిగిలింది అన్న రెండూ తెలిస్తేనే చెరువు ఆరోగ్యం తెలుస్తుంది. నిండేది మారకుండా మిగిలేది మాత్రం ఏటేటా తగ్గుతోందంటే పూడికనో, తోడకాన్నో అనుమానించాలి.

ప్రతి ఏడాది పక్కనా ఆ ఏడాది మీ మండలంలో పడిన వాన రాసుకోండి. వాన సగమే పడిన ఏడాది చెరువు సగమే నిండితే అందులో వింత లేదు. మంచి వాన పడి కూడా నిండలేదంటే మీరు చూడాల్సింది చెరువును కాదు, దానికి నీళ్లు తెచ్చే వాగును. పైన ఎక్కడో కాలువ తెగి ఉండొచ్చు, రోడ్డు వేసి తూము పెట్టకపోయి ఉండొచ్చు, ప్లాట్లు చేసి పూడ్చేసి ఉండొచ్చు. అదే ఫొటోలో వాగు వెంబడి పైకి వెళ్లి చూడండి.

నీరు కానిది నీరులా, నీరైనది నేలలా

కొల్లేరు దగ్గర నేను చేసిన పొరపాటు చెబుతాను. మొదట్లో ఒక జనవరి ఫొటోలో సరస్సు మధ్య పెద్ద భాగం ఫాల్స్ కలర్‌లో ఎర్రగా వచ్చింది. నీటి సూచిక కూడా అక్కడ నేలే అంది. దాళ్వా వరి వేసేశారనుకుని అలాగే రాసి పెట్టుకున్నాను. తర్వాత అటు వెళ్లి గట్టు మీద నిలబడి చూస్తే వరి లేదు, నేలా లేదు. కంటిచూపు ఆనినంత మేర గుర్రపు డెక్క, దాని వెనక కిక్కిస. ఆకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మధ్యమధ్య ఊదా పూలు. ఒకాయన దోనెలో వెదురు గడతో ఆ మొక్కలను పక్కకు నెట్టుకుంటూ వచ్చాడు. ఆయన నెట్టిన చోటల్లా కింద నల్లటి నీరు కనిపించి, మళ్లీ మూసుకుపోయింది. అక్కడ నడుములోతు నీళ్లున్నాయని చెప్పాడు. నేను పంట అని రాసుకున్నది చెరువే. ఇంటికొచ్చి ఆ కాగితం కొట్టేశాను.

ఉపగ్రహానికి పైపొరే కనిపిస్తుంది. మొక్క కప్పేసిన నీరు దానికి పొలం. దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. అదే చోటును నెలనెలా చూడండి. వరి అయితే నాట్లప్పుడు నీరులా, ఆ తర్వాత పచ్చగా, కోతల తర్వాత బీడుగా మారుతుంది, మూడు నాలుగు నెలల్లో ఒక చక్రం తిరుగుతుంది. గుర్రపు డెక్కకు కోత ఉండదు. నెలల తరబడి పచ్చగానే ఉంటుంది, పైగా గాలికి కదులుతుంది. ఐదు రోజుల తేడాతో తీసిన రెండు ఫొటోల్లో పచ్చని మడి తూర్పు గట్టు నుంచి పడమటి గట్టుకు వెళ్లిపోయిందంటే అది పంట కాదు.

దీనికి తిరగబడిన పొరపాటు వరి నాట్లది. దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడి ఉపగ్రహానికి చెరువే. జులై, ఆగస్టుల్లో గోదావరి డెల్టా, డిసెంబరు, జనవరిల్లో యాసంగి నాట్లు పడే తెలంగాణ ఆయకట్టు అంతా సూచికలో నీలంగా మెరుస్తుంది. మీరు గీసిన హద్దులోపలే కొలిస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

మూడోది చేపల చెరువు. కొల్లేరులో అసలు చిక్కు ఇదే. చేపల చెరువులోనూ నీరే ఉంటుంది కాబట్టి ఏ సూచికైనా దాన్ని నీరనే అంటుంది, తప్పేమీ అనదు. కానీ గట్టు కట్టి ఆపిన నీరు సరస్సు నీరు కాదు. వరద దాంట్లోకి రాదు, దాంట్లో నుంచి పోదు. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం వాళ్లు 1984 నుంచి 2021 వరకు లాండ్‌శాట్ ఫొటోలన్నీ జల్లెడ పట్టి ప్రపంచమంతటి నీటి పటం చేశారు. గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ అనే ఆ పటం చాలా గొప్ప పని, తప్పకుండా చూడండి. కానీ ఏడాదిలో కొన్నాళ్లే నీళ్లుండే సరస్సు అంచున చేపల చెరువు తవ్వితే, అక్కడ కొత్తగా శాశ్వత నీరు వచ్చిందనే అది చూపిస్తుంది. పటం చూసి కొల్లేరు పెరిగిందనుకుంటే అంతకన్నా అన్యాయం లేదు. ఇలాంటి చోట్ల లెక్క కన్నా ఆకారం ముఖ్యం. తిన్నని గట్లున్న నీటినంతా చేత్తో వేరే పాలిగాన్‌గా గీసి, మొత్తంలోంచి తీసేయండి. విసుగు పుట్టించే పనే, రెండు మూడు రోజులు పడుతుంది. వేరే దారి లేదు.

పాత రోజుల్లోకి వెళ్లడం

సెంటినెల్ లేని కాలానికి లాండ్‌శాటే దిక్కు. అమెరికా జియాలజికల్ సర్వే వాళ్ల ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్‌లో ఖాతా తెరిచి మీ చోటు, తేదీలు ఇస్తే జాబితా వస్తుంది. 1980ల చివరి నుంచి 1990ల వరకు లాండ్‌శాట్ 5, 1999 తర్వాత లాండ్‌శాట్ 7, 2013 నుంచి లాండ్‌శాట్ 8, 2021 చివరి నుంచి లాండ్‌శాట్ 9. లాండ్‌శాట్ 7లో 2003 మే 31న ఒక భాగం చెడిపోయింది. ఆ తర్వాతి ఫొటోల్లో నల్లటి చారలు ఉంటాయి. ఫొటో మధ్యలో చారలు ఉండవు, అంచులకు పోయేకొద్దీ వెడల్పవుతాయి. ఆ చారల్లో పడ్డ చోటును నీరనీ నేలనీ లెక్కపెట్టకుండా పక్కన పెట్టాలి, లేదంటే చెరువు ఎండిపోయినట్టు వస్తుంది.

కొల్లేరు మీద ఈ వరస వేసి చూడండి: 1990 ప్రాంతపు ఒక చలికాలం ఫొటో, 2000 చలికాలానిది ఒకటి, 2014 తర్వాతది ఒకటి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య నల్లటి పలకలు సరస్సులోకి ఎలా నడిచి వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేకుండా కనిపిస్తుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత ఏ గట్టు పోయింది, ఏ గట్టు ఉంది, ఏది తిరిగి లేచింది అన్నది మీరే ఒక్కొక్క చోటా చూసుకోవచ్చు. ఎవరి మాటా నమ్మక్కర్లేదు, నా మాటతో సహా.

మన ఇస్రో ఫొటోలూ ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) వాళ్ల భూనిధి పోర్టల్‌లో రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల లిస్-3 కెమెరా ఫొటోలు సుమారు 24 మీటర్ల పిక్సెల్‌తో దొరుకుతాయి. ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్‌లో భూ వినియోగ పటాలు 2005-06, 2011-12, 2015-16 సంవత్సరాలవి చూడొచ్చు. పెద్ద చెరువులకు, మండలం మొత్తం చూసేటప్పుడు ఇవి బాగుంటాయి.

వానాకాలంలో ఏం చేయాలి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మామూలు ఫొటోల్లో చాలా రోజులు మేఘాలే. వరద వచ్చేదీ అప్పుడే. అప్పుడు రాడార్ కావాలి. సెంటినెల్-1 తనే రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చినవాటిని పట్టుకుంటుంది. మేఘం అడ్డు కాదు, రాత్రి అయినా ఫరవాలేదు. కదలని నీరు అద్దంలా ఆ తరంగాలను అవతలికి కొట్టేస్తుంది, తిరిగి ఏమీ రాదు, అందుకే రాడార్ ఫొటోలో నీరు కారునలుపు. వరదకు ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన పెట్టి కొత్తగా నల్లబడినది చూస్తే ముంపు తెలుస్తుంది. కోపర్నికస్ బ్రౌజర్‌లోనే "కంపేర్" నొక్కి రెండు తేదీల మధ్య గీతను అటూ ఇటూ జరుపుతూ చూడొచ్చు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి విజయవాడ మునిగింది. అలాంటి రోజుల ఫొటోలు చూసేటప్పుడు ఒక సంగతి మరవద్దు. పొలాల్లో నిలిచిన నీరు రాడార్‌లో బాగా తెలుస్తుంది, ఇళ్ల మధ్య నీరు తెలియదు. నీటి మీద పడ్డ తరంగం గోడకు తగిలి తిరిగి ఉపగ్రహానికే వెళ్తుంది, దాంతో మునిగిన వీధి ఇంకా తెల్లగా మెరుస్తుంది. ఫొటోలో నలుపు లేదు కాబట్టి ఆ కాలనీ మునగలేదని అంటే, డాబాల మీద నిలబడి మంచినీళ్ల కోసం చూసిన వాళ్లకు ద్రోహం చేసినట్టే. గాలి బాగా వీచి నీటి మీద అలలు లేచినా నలుపు పలచబడుతుంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్, ఇస్రో, నాసా కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. సెంటినెల్-1 తరంగం పొడవు ఐదారు సెంటీమీటర్లు, నిసార్‌లోని ఎల్-బ్యాండ్ తరంగం 24 సెంటీమీటర్లు. పొడవాటి తరంగం ఆకుల సందుల్లోంచి కిందికి దిగుతుంది, కాబట్టి మొక్కల కింద నిలిచిన నీటిని పసిగట్టే వీలు ఎక్కువ. కిక్కిస కమ్మేసిన కొల్లేరుకు దీని మీద నాకు చాలా ఆశ ఉంది.

కట్ట మీదికి వెళ్లండి

చూసింది నిజమో కాదో నేల మీదే తేలుతుంది. సంవత్సరానికి రెండుసార్లు, మీరు ఎంచుకున్న అక్టోబరు, ఏప్రిల్ రోజుల్లో, ఉపగ్రహం వచ్చే రోజు చూసుకుని ఉదయం పదిన్నరకు చెరువు దగ్గర ఉండండి. ఐదు రోజుల లెక్క కాబట్టి గత ఫొటో తేదీకి ఐదు కలుపుకుంటూ పోతే రోజు తెలుస్తుంది. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసుకోండి. ఐదారు చోట్లు ముందే ఖాయం చేసుకోండి: అలుగు, తూము, కట్ట మధ్య, వాగు కలిసే చోటు, ఫొటోలో అర్థం కాని రంగు వచ్చిన చోటు. ప్రతి చోటా నీటి వైపు తిరిగి ఒక ఫొటో, నీటి అంచు దగ్గర కాళ్ల కింద ఒక ఫొటో తీయండి. అది బురదా, గడ్డా, డెక్కా, తుమ్మపొదలా అన్నది ఒక ముక్కలో రాయండి. ఏటా అవే చోట్లు, అదే వైపు.

అక్కడ చేపలు పట్టేవాళ్లుంటే కాసేపు మాట్లాడండి. లోతు ఫొటోలో కనిపించదు. పూడిక ఎంత చేరిందో, ఏ మూల ఎంత లోతో గడ వేసేవాళ్లకే తెలుసు. నీరు తాగడానికి పనికొస్తుందా అన్నదీ ఫొటో చెప్పదు. నురగ, పాచి కొంతవరకు తెలిసినా, అందులో ఏం కలిసిందో ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. హద్దు ఎవరిదన్నది కూడా ఉపగ్రహం చెప్పదు. ఫలానా తేదీకి ఇక్కడ నీరుంది, ఫలానా తేదీకి మట్టి ఉంది అన్నంత వరకే దాని సాక్ష్యం. సర్వే నంబరు, ఎఫ్‌టీఎల్ పటం రెవెన్యూ, నీటిపారుదల శాఖల దగ్గర ఉంటాయి. లేకపోతే సమాచార హక్కు కింద అడగండి.

గ్రామసభకో, అధికారులకో ఇచ్చేటప్పుడు రెండు ఫొటోలూ ఒకే సైజులో, ఒకే రంగుల్లో, హద్దు గీతతో ప్రింటు తీయండి. ప్రతి ఫొటో కింద ఉపగ్రహం పేరు, తేదీ, పిక్సెల్ సైజు, నీరని తేల్చడానికి మీరు వాడిన అంకె రాయండి. ఎవరైనా అదే లెక్క మళ్లీ చేసి చూడగలగాలి. పక్కన కట్ట మీద తీసిన ఫొటో పెట్టండి. ఎవరి పేరూ రాయకండి, ఎవరిని తిట్టకండి. తేదీలు మాట్లాడతాయి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. గీతలు గీసి వరసగా ఇవి రాసుకోండి: తేదీ, ఏ ఉపగ్రహం, మేఘం ఉందా, నీటి పిక్సెళ్లు, ఎకరాలు, డెక్క ఎంత మేర, ఆ ఏడాది వాన, కట్ట మీద ఏం చూశాను. ముందు సెంటినెల్ ఫొటోల్లో 2017 అక్టోబరు నుంచి ఇప్పటిదాకా ఏడాదికి రెండు వరసలు నింపండి. తీరిక చేసుకుని కూర్చుంటే రెండు ఆదివారాల పని. ఈ అక్టోబరు వరస కోసం కింద ఒక గడి ఖాళీగా ఉంచండి.